పిల్లల ప్రవర్తన స్క్రీనింగ్ ప్రశ్నావళిని కొరియన్‌లోకి తేవడం ఎలా: పర్మిషన్ నుంచి కటాఫ్ దాకా

ముప్పై అయిదు చిన్న వాక్యాలను ఇంగ్లిష్ నుంచి కొరియన్‌లోకి మార్చడం రెండు రోజుల పని. ఆ కాగితం మీద సియోల్‌లో ఒక తల్లి పెట్టిన టిక్కులకు 28 మార్కులు వచ్చాయనుకోండి. ఆ 28కీ, అమెరికాలో ఒక తల్లి ఇచ్చిన 28కీ ఒకటే అర్థమని ధైర్యంగా చెప్పడానికి మాత్రం ఏడాదో రెండేళ్లో పట్టవచ్చు. ఈ గైడ్ ఆ రెండో పని గురించి. సైకాలజీ, చైల్డ్ సైకియాట్రీ, నర్సింగ్, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో రీసెర్చ్ చేస్తూ కొరియన్ ల్యాబ్‌లతో కలిసి పనిచేస్తున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఉదాహరణకు పీడియాట్రిక్ సింప్టమ్ చెక్‌లిస్ట్‌ను తీసుకుందాం. క్లుప్తంగా పీఎస్‌సీ అంటారు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మైకేల్ జెలినెక్ బృందం తయారుచేసింది. 35 అంశాలు, ఒక్కోదానికి ‘ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా’ అనే మూడు జవాబులు, 0, 1, 2 మార్కులు. 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు మొత్తం 28 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకాస్త లోతుగా చూడాలని అమెరికాలో పెట్టుకున్న గీత. దీన్నే కటాఫ్ అంటారు. వాక్యాలు పొట్టిగా ఉంటాయి కాబట్టి ఎక్కడ తేడా కొడుతుందో తేలిగ్గా కనిపిస్తుంది.

1. అసలు కొత్తది కావాలా?

కొరియాలో ఈ సరుకు తక్కువేమీ కాదు. రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన 25 అంశాల ‘బలాలు, ఇబ్బందుల ప్రశ్నావళి’ ఎస్‌డీక్యూకి 2003లోనే కొరియన్ రూపం వచ్చింది. అకెన్‌బాక్ తయారుచేసిన పిల్లల ప్రవర్తన చెక్‌లిస్ట్ సీబీసీఎల్‌ను ‘కె-సీబీసీఎల్’ పేరుతో క్లినిక్‌లలో ఎప్పటి నుంచో వాడుతున్నారు. పసిపిల్లల ఎదుగుదల చూడటానికి 2014లో సొంతంగా కె-డీఎస్‌టీ తయారుచేసుకున్నారు. వీటికి తోడు విద్యాశాఖ ఏటా స్కూళ్లలో భావోద్వేగ, ప్రవర్తన పరీక్ష జరుపుతుంది. ప్రైమరీలో 1, 4 తరగతులకు, మిడిల్ స్కూల్ మొదటి ఏడాదికి, హైస్కూల్ మొదటి ఏడాదికి అది ఉంటుంది. ప్రైమరీ పిల్లల తరఫున తల్లిదండ్రులు, పెద్ద పిల్లలైతే తామే జవాబులు ఇస్తారు.

కాబట్టి ముందు ఒక్క పేజీ రాయండి: ఉన్నవాటితో ఏ పని జరగడం లేదు? ‘రెండు నిమిషాల్లో అయ్యేది కావాలి’, ‘ఇతర దేశాల డేటాతో పోల్చాలి’, ‘క్లినిక్ వెయిటింగ్ హాల్లో ఇవ్వాలి’ లాంటివి సరైన కారణాలు. ‘మా గైడ్‌కి ఈ స్కేల్ అంటే ఇష్టం’ కారణం కాదు. మీరు ఎంచుకున్న ప్రశ్నావళికి కొరియన్ అనువాదం ఎక్కడైనా ఉందేమో అసలు రచయితలనే అడగండి. అనువాదం ఉండి, దాని మీద వ్యాలిడేషన్, అంటే కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అనే పరీక్ష, లేకపోవడం చాలా మామూలు. అలాంటప్పుడు మళ్లీ అనువాదం మొదలుపెట్టకుండా నేరుగా అయిదో అడుగుకు వెళ్లవచ్చు.

2. పర్మిషన్

ఇందులో ఎక్కువ చెప్పడానికి లేదు, కానీ తప్పించుకోలేరు. ఉచితంగా దొరకడం వేరు, మార్చుకునే హక్కు ఉండటం వేరు. ఎస్‌డీక్యూని లాభాపేక్ష లేని పనికి కాగితం మీద ఉచితంగా వాడుకోవచ్చు, కానీ దాని హక్కుదారులు ఒక్క పదం మార్చడానికీ ఒప్పుకోరు. సీబీసీఎల్‌కు లైసెన్స్ ఫీజు ఉంటుంది. మెయిల్‌లో నాలుగు విషయాలు విడివిడిగా అడగండి: అనువాదం చేయడం, అంశాలు సర్దడం, ఫోన్‌లో నింపే రూపం పెట్టడం, పూర్తయ్యాక ఇతరులకు పంచడం. చాలామంది మూడోది మర్చిపోయి చివర్లో ఇరుక్కుంటారు.

3. అనువాదానికి ముందు అర్థాల పట్టిక

ప్రతి అంశం ఎందుకు ఉందో ఒక వాక్యంలో రాసుకోండి. పీఎస్‌సీలో ‘మోటార్ పెట్టి నడిపిస్తున్నట్టు ఉంటాడు’ అనే అర్థంలో ఒక అంశం ఉంది. అసలు ఉద్దేశం: అవసరం లేకున్నా ఆగలేని కదలిక. ఆ వివరణ లేకుండా మాటకు మాట దించితే, మా వాడికి ఎనర్జీ ఎక్కువని మురిసిపోతూ టిక్ పెట్టే తల్లి కూడా ఉంటుంది. మీకే ఉద్దేశం స్పష్టంగా లేకపోతే అసలు బృందాన్ని అడగండి, ఊహించకండి. ఈ పట్టికే తర్వాత అనువాదకుల చేతిలోకి, ఇంటర్వ్యూ చేసేవాళ్ల చేతిలోకి వెళ్తుంది.

4. ఇద్దరు అనువాదకులు, ఒక గొడవ

ఇద్దరికీ కొరియన్ మాతృభాష అయి ఉండాలి. ఒకరికి పిల్లల మానసిక ఆరోగ్యం తెలిసి ఉండాలి, రెండోవారికి తెలియకపోవడమే మంచిది. ఇద్దరూ విడివిడిగా చేశాక మూడో వ్యక్తి ఎదుట కూర్చుని తేడాల మీద వాదించుకోవాలి. తేడా రాని వాక్యాలను తొందరగా దాటేయకండి, ఇద్దరూ ఒకే తప్పు చేసి ఉండవచ్చు.

కొరియన్‌లో ప్రత్యేకంగా చూడాల్సినవి ఇవి.

మొదటిది, ‘సన్మాన్‌హాదా’ అనే మాట. పిల్లాడు కుదురుగా లేకపోయినా, ధ్యాస నిలవకపోయినా కొరియన్ తల్లులూ టీచర్లూ ఆ ఒక్క మాటే అంటారు. పీఎస్‌సీలో మాత్రం ‘ఒకచోట కూర్చోలేడు’ ఒక అంశం, ‘ధ్యాస ఇట్టే చెదిరిపోతుంది’ ఇంకో అంశం. రెండు చోట్లా సన్మాన్‌హాదా పెట్టేస్తే వాక్యాలు సహజంగానే వినిపిస్తాయి, చదివినవాళ్లందరూ బాగుందంటారు. కానీ రెండిటికీ ఒకే జవాబు వస్తుంది. ఆ తర్వాత ఆ రెండు అంశాల మధ్య సంబంధం ఎంత గట్టిగా ఉందో అని మనం పేపర్ రాసుకుంటాం, అది మనం పెట్టిన మాట వల్ల వచ్చిందని గుర్తించకుండా. ఒకటి శరీరం కదలిక గురించి, ఒకటి ధ్యాస గురించి అని విడదీసి రాయాల్సిందే, కాస్త పొడుగైనా సరే.

రెండోది, ‘చొన్హ్యొ’. ‘ఎప్పుడూ లేదు’ అనే గడికి ఇది వెంటనే తోచే పదం. చిక్కేమిటంటే ఇది మామూలుగా వ్యతిరేకార్థ క్రియతోనే జత కడుతుంది, మన ‘అసలు’ను ‘అసలు వినడు, అసలు తినడు’ అన్నప్పుడు వాడినట్టు. ఇప్పుడు ‘రూల్స్ పాటించడు’ అన్న అంశం పక్కన గడిలో ఒట్టి ‘అసలు’ అని ఉందనుకోండి. తెలుగులో కూడా మనం ‘అసలు పాటించడు’ అనే చదువుతాం. అంటే సున్నా మార్కుల గడి అత్యంత తీవ్రమైన జవాబులా కనబడుతుంది. మందు రెండు రకాలుగా వేయాలి. గడి మీద పూర్తి వాక్యం రాయాలి. వీలైనచోట అంశాన్నే ‘రూల్స్ అతిక్రమిస్తాడు’ అని తిప్పాలి, లేకపోతే ‘పాటించడు అన్నది నిజం కాదు’ లాంటి మెలిక పడుతుంది.

మూడోది, వేధింపు. ‘ఇతరులను ఆటపట్టిస్తాడు’ అన్నదానికి తేలికైన పదం పెడితే అల్లరిలా వినిపిస్తుంది. బరువైనది పెడితే స్కూల్ హింస కేసులా వినిపిస్తుంది. కొరియాలో దానికి 2004 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. 2026 అడ్మిషన్ల నుంచి యూనివర్సిటీలు ఆ రికార్డును తప్పకుండా లెక్కలోకి తీసుకోవాలి. ఆ వాతావరణంలో ఏ తల్లి బరువైన పదం పక్కన టిక్ పెడుతుంది? తేలిక పదమే తీసుకుని, ‘ఎదుటి పిల్లలు ఇబ్బంది పడేలా’ అని చేర్చడం నయం.

‘అతడు, ఆమె’ బెడద లేదు, కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది. కానీ ‘ఇంతకు ముందుకంటే మీతో ఎక్కువగా ఉండాలనుకుంటుంది’ అన్నప్పుడు ఆ ‘మీ’ చిక్కు తెస్తుంది. కొరియన్‌లో అందరికీ సరిపోయే ‘మీరు’ లేదు. అమ్మానాన్నలు అని రాస్తే, పగలంతా పిల్లను చూసుకునే అమ్మమ్మ ఆగిపోతుంది. సంరక్షకులు అనే అర్థమిచ్చే ‘బోహోజా’ కాస్త ఆఫీసు మాటే అయినా అందరికీ వర్తిస్తుంది. ఇక సూచనలు గౌరవ రూపంలో, అంశాలు ‘-దా’తో ముగిసే సాదా రూపంలో ఉంచడం అక్కడి ప్రశ్నావళుల అలవాటు. దాన్ని అలాగే పాటించండి.

భాష బాగానే ఉంది, బడి వేరు

కొన్ని అంశాలకు అనువాదం తప్పు కాకపోయినా జవాబు కుదరదు. ‘మార్కులు తగ్గుతున్నాయి’ చూడండి. కొరియా ప్రైమరీ స్కూళ్లలో ర్యాంకులు ఉండవు, రిపోర్ట్ ఎక్కువగా వాక్యాల్లో వస్తుంది. 2016 నుంచి అన్ని మిడిల్ స్కూళ్లలో పరీక్షలు లేని ‘ఫ్రీ సెమిస్టర్’ ఉంది. అప్పుడు ఆ తల్లి ఏం చేస్తుంది? గడి ఖాళీగా వదిలేస్తుంది. పీఎస్‌సీ నియమం ప్రకారం మూడు దాకా ఖాళీలను సున్నాగా లెక్కిస్తారు, నాలుగైతే ఆ కాగితమే చెల్లదు. అంటే కొందరి మొత్తం చడీచప్పుడు లేకుండా తగ్గిపోతుంది. ‘చదువులో వెనకబడుతున్నాడు’ అని మార్చవచ్చా అని అసలు బృందాన్ని అడగండి. నాలుగైదేళ్ల పిల్లలకు బడికి సంబంధించిన నాలుగు అంశాలను వాళ్లే లెక్కలోంచి తీసేసి కటాఫ్‌ను 24కి తగ్గించారు. కాబట్టి ఇలాంటి సర్దుబాటు వాళ్లకు కొత్తేమీ కాదు.

‘డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏమీ లేదంటారు’ కూడా ఇలాంటిదే. తలసరి అవుట్‌పేషెంట్ విజిట్లలో ఓఈసీడీ దేశాల్లో కొరియాదే పై స్థానం. జలుబు చేసినా వీధి చివరి క్లినిక్‌కి వెళ్లే చోట ‘ఏమీ లేదన్నారు’ అనేది రోజూ వినే మాట. బడికి రాకపోవడం అన్నచోట, కుటుంబంతో ఊరెళ్లినా ముందే అప్లై చేస్తే హాజరుగా లెక్కించే పద్ధతి అక్కడ ఉందని గుర్తుంచుకోండి. నిద్ర గురించి అడిగినచోట ట్యూషన్ సెంటర్లను, అంటే హగ్వాన్‌లను మరవద్దు. సియోల్‌లో అవి రాత్రి 10కి మూసేయాలని నిబంధన ఉంది. ఇంటికొచ్చి హోంవర్క్ చేసి పడుకునే పిల్లకు నిద్ర సమస్య ఉందా, టైం లేదా?

5. బ్యాక్ ట్రాన్స్‌లేషన్, దాని హద్దులు

కొరియన్ రూపాన్ని, ఇంగ్లిష్ మూలం చూడని వ్యక్తి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయించడం 1970లో బ్రిస్లిన్ వ్యాసం తర్వాత తప్పనిసరి ఆచారంగా మారింది. చేయించండి. అసలు బృందానికి కొరియన్ రాదు కాబట్టి వాళ్లు చూసి ఆమోదించడానికి అదే దారి. కానీ నా దృష్టిలో దీనికి అందరూ ఇచ్చే విలువ ఎక్కువ. అనుభవమున్న అనువాదకుడు సన్మాన్‌హాదాను చూసి సందర్భాన్ని బట్టి ఒకచోట ‘కుదురు లేదు’ అనీ, ఇంకోచోట ‘ధ్యాస చెదురుతుంది’ అనీ చక్కగా తిరిగి రాసేస్తాడు. అసలుతో పోలిస్తే నూటికి నూరు సరిపోతుంది. లోపం అలాగే ఉండిపోతుంది. డబ్బు తక్కువగా ఉంటే ఇక్కడ ఒక్కరితో సరిపెట్టి, మిగిలింది తర్వాతి అడుగు మీద పెట్టండి.

6. తల్లిదండ్రులతో కూర్చోవడం

పని మొత్తంలో నన్నడిగితే ఇదే ముఖ్యం. దీన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. అనువాదాల మీద 2005లో వచ్చిన ఐఎస్‌పీఓఆర్ అనే ఆరోగ్య పరిశోధకుల సంఘం మార్గదర్శకాలు ఒక్కో భాషకు 5 నుంచి 8 మంది చాలంటాయి. పిల్లల ప్రశ్నావళికి అది ఒక రౌండ్‌కి మాత్రమే సరిపోతుందని పెట్టుకోండి. ఒక రౌండ్ చేసి, సరిదిద్ది, కొత్తవాళ్లతో ఇంకో రౌండ్.

ఎవరిని పిలవాలి? యూనివర్సిటీ చుట్టుపక్కల దొరికే చదువుకున్న తల్లులతోనే ఆపేస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఒక నాన్న, ఒక అమ్మమ్మ, వియత్నాం నుంచో చైనా నుంచో పెళ్లయి వచ్చి కొరియన్ నేర్చుకున్న ఒక తల్లి, ఒక క్లాస్ టీచర్ ఉండాలి. బహుళ సంస్కృతి కుటుంబాల పిల్లలు కొరియన్ స్కూళ్లలో ఏటేటా పెరుగుతున్నారు. చైనీస్ మూలం ఉన్న బరువైన పదాలు ఎక్కడ అడ్డం పడుతున్నాయో ఆ తల్లి అయిదు నిమిషాల్లో చూపిస్తుంది.

అడగాల్సిన తీరు:

- ఈ వాక్యాన్ని మీ మాటల్లో చెప్పండి.
- జవాబు పెట్టేటప్పుడు ఏ సంఘటన గుర్తొచ్చింది?
- ‘అప్పుడప్పుడు’ అన్నారు, అంటే వారంలో ఎన్నిసార్లు?
- ఏది చూసి ‘తరచుగా’ గడి వదిలేశారు?

మూడో ప్రశ్న దగ్గరే అసలు సంగతులు బయటపడతాయి. రోజూ జరిగేదాన్ని కూడా ‘అప్పుడప్పుడు’ అని చెప్పే తల్లి ఉంటుంది, తరచుగా అంటే పిల్లాడి మీద ముద్ర పడుతుందని ఆమె టెన్షన్.

ఒక జాగ్రత్త. ప్రొఫెసర్ గారి ముందు కూర్చున్న తల్లి ‘బాగుంది, అర్థమైంది’ అనే అంటుంది. మర్యాద కొద్దీ అనే మాట అది, డేటా కాదు. ‘కొందరు అమ్మలకు ఇక్కడ కాస్త తికమకగా ఉందన్నారు, ఎందుకై ఉంటుందంటారు?’ అని అడిగి చూడండి. పక్కవాళ్ల తికమక గురించి అందరూ ధారాళంగా మాట్లాడతారు.

ప్రతి మార్పునూ పట్టికలో పెట్టండి. ఒక వరుస ఇలా ఉండాలి: అంశం, రూల్స్ వినడు. ఉద్దేశం, చెప్పిన నియమాన్ని తెలిసి మీరడం. మొదటి రూపం, పాటించడు. సమస్య, ‘చొన్హ్యొ’ గడితో కలిసి తిరగబడి చదివారు. నిర్ణయం, అతిక్రమిస్తాడు. ఎవరు ఒప్పుకున్నారు, ఏ తేదీన, వెర్షన్ నంబర్ ఎంత. రివ్యూయర్ అడిగే సగం ప్రశ్నలకు ఈ పట్టికే జవాబు.

7. ఫీల్డ్‌కి వెళ్లే ముందు క్యాలెండర్ చూడండి

కొరియాలో బడి మార్చి మొదట్లో మొదలవుతుంది. ఏప్రిల్‌లో టీచర్ చేత ‘గత ఆరు నెలల్లో’ అని నింపిస్తే, ఆయనకు ఆ పిల్లతో నెల రోజుల పరిచయమే ఉంటుంది. పైగా విద్యాశాఖ పరీక్ష కూడా కొత్త ఏడాది మొదలైన కొన్నాళ్లకే వస్తుంది, తల్లిదండ్రులు రెండిటినీ కలిపేసుకుంటారు. జూన్ గానీ, అక్టోబర్, నవంబర్ గానీ మంచిది. రెండు వారాల తేడాతో రీటెస్ట్ పెట్టేటప్పుడు, అంటే అదే ప్రశ్నావళిని వాళ్ల చేతే మళ్లీ నింపించేటప్పుడు, ఒకటి సెలవుల్లో, ఒకటి బడి రోజుల్లో పడకుండా చూసుకోండి.

వయసు అడగవద్దు, పుట్టిన తేదీ అడగండి. పుట్టగానే ఒక ఏడు, ప్రతి జనవరి 1కి ఇంకో ఏడు కలిపే పాత లెక్కను పక్కనపెట్టి 2023 జూన్ 28 నుంచి ప్రభుత్వ వ్యవహారాల్లో అంతర్జాతీయ వయసునే వాడుతున్నారు. అయినా నోటి అలవాటు ఒక్క రోజులో పోదు. ఏడేళ్ల కటాఫ్ పెట్టినచోట రెండేళ్ల తేడా దాకా రావచ్చు.

ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలాగూ కావాలి. 14 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే సంరక్షకుల సమ్మతిని వ్యక్తిగత సమాచార చట్టం తప్పనిసరి చేసింది. సమ్మతి పత్రంలో ఒక వాక్యం స్పష్టంగా ఉండాలి: ఈ ఫలితం స్కూల్ రికార్డులోకి గానీ, ఇన్సూరెన్స్‌కి గానీ వెళ్లదు. మానసిక ఆరోగ్య డయాగ్నోసిస్‌లకు వేసే ‘ఎఫ్ కోడ్’ పడితే ప్రైవేట్ ఇన్సూరెన్స్‌కు ఇబ్బంది అవుతుందని అక్కడి తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం తీర్చకపోతే మీకు వచ్చేవన్నీ సున్నాలే. ప్రశ్నావళి పేరులో ‘సమస్య’ అనే మాట లేకుండా చూడండి, ‘లక్షణాలు’ అంటే సరిపోతుంది.

8. లెక్కలు

ఏ అంశాలు ఒక గుంపుగా కదులుతాయో చూసే ఫ్యాక్టర్ విశ్లేషణకు ఒక్కో అంశానికి కనీసం ఏడుగురు అనేది వాడుకలో ఉన్న కొలత. 35 అంశాలకు 245. కొరియన్, అమెరికన్ డేటా పోల్చాలంటే ఒక్కో వైపు అంతకంటే ఎక్కువ పెట్టుకోండి. సియోల్, దాని చుట్టుపక్కల దేశ జనాభాలో సగం ఉంటుంది, కానీ మిగతా సగాన్ని వదిలేసి ‘కొరియన్ పిల్లలు’ అని టైటిల్ పెట్టకూడదు.

మూడు గడుల జవాబులను మామూలు సంఖ్యల్లా చూడొద్దు. అవి వరుస మాత్రమే చెప్పే ఆర్డినల్ డేటా. దానికి సరిపడే పాలీకోరిక్ సంబంధాలు, అంచనా పద్ధతి వాడండి. అంశాలు ఒకదానితో ఒకటి ఎంత పొత్తుగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటగానే సంబరపడకండి. సన్మాన్‌హాదా రెండుసార్లు పెట్టినా ఆల్ఫా పెరుగుతుంది. అసలు పరీక్ష మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్, అంటే రెండు దేశాల్లోనూ ప్రశ్నావళి ఒకేలా కొలుస్తోందా అన్నది: ముందు నిర్మాణం ఒకటేనా, తర్వాత లోడింగ్‌లు (ఒక్కో అంశానికి గుంపుతో ఉన్న బంధం), చివరగా థ్రెషోల్డ్‌లు (ఒక గడి నుంచి పై గడికి మారే చోటు). మూడో మెట్టు దాటకుండా ‘కొరియన్ పిల్లల సగటు తక్కువ’ అని రాయకూడదు. ఆ తేడా పిల్లల్లో కాకుండా ‘తరచుగా’ గడి దగ్గర తల్లి చేయి ఆగడంలో ఉండవచ్చు. ఏ అంశం విఫలమైందో చూసి ఆరో అడుగులో రాసుకున్న నోట్స్ తెరవండి, కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

టీచర్ జవాబు, తల్లి జవాబు కలవకపోతే కంగారుపడవద్దు. అకెన్‌బాక్ బృందం 1987లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, పిల్లను వేర్వేరు చోట్ల చూసేవాళ్ల మధ్య సగటు సంబంధం 0.28 మాత్రమే. కొరియన్ రూపంలో 0.3 వస్తే అది అనువాద లోపం కాదు.

9. కటాఫ్‌ను దిగుమతి చేసుకోవద్దు

28ని అలాగే తెచ్చి పెట్టడమే ఇలాంటి పనుల్లో మామూలుగా జరిగే పొరపాటు. కొరియన్ పిల్లల్లో కొంతమందికి కె-శాడ్స్ కొరియన్ రూపం లాంటి డయాగ్నొస్టిక్ ఇంటర్వ్యూ చేయించి, దానితో పోల్చి గీత ఎక్కడ గీయాలో చూడాలి. ఇంటర్వ్యూ చేసే వ్యక్తికి స్కోర్ తెలియకూడదు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లనే కాకుండా తక్కువ వచ్చినవాళ్లలోనూ కొందరిని పిలవాలి.

గీత ఎక్కడ పెట్టినా ఏం జరుగుతుందో స్కూల్ వాళ్లకు ఇలా లెక్క వేసి చూపించండి. వెయ్యిమంది పిల్లల్లో వంద మందికి నిజంగా సాయం కావాలనుకుందాం. మీ ప్రశ్నావళి అవసరమున్నవాళ్లలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, అవసరం లేనివాళ్లలో 85 శాతాన్ని వదిలేస్తుంది. పట్టుబడేది 80 మంది, ఊరికే పట్టుబడేది 135 మంది. మొత్తం 215 ఇళ్లకు ఫోన్ వెళ్తే అందులో 135 ఇళ్లలో అనవసరంగా ఆందోళన. అందుకని గీత పెంచితే ఆ 80లోంచి కొందరు జారిపోతారు. కౌన్సెలర్లు ఎంతమంది ఉన్నారో చూడకుండా ఈ నిర్ణయం, ఒక్కో గీత దగ్గర ఎందరు సరిగ్గా, ఎందరు ఊరికే పట్టుబడతారో చూపే ఆర్‌ఓసీ గ్రాఫ్‌కి వదిలేయకూడదు.

విదేశాల్లోని కొరియన్ పిల్లలకు ఈ గీత వాడేటప్పుడు ఇంకో మెట్టు ఆలోచించాలి. పెనుకొండ దగ్గర కియా ప్లాంట్ వచ్చాక అనంతపురం ప్రాంతంలో కొరియన్ కుటుంబాలు కనిపిస్తున్నాయి. అలాంటి ఇంటి పిల్ల కొత్త దేశంలో, కొత్త బడిలో ఉంటుంది. ‘కొత్త పరిస్థితులంటే భయం’ అన్న అంశానికి సియోల్ సగటుతో పోలిక పెట్టి నిర్ణయం చేయలేం. మాటలు పనికొస్తాయి, నార్మ్‌లు, అంటే పోలికకు పెట్టుకున్న సగటులు, పనికిరావు.

10. అప్పగించేటప్పుడు

ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లకు ఎవరు, ఎన్ని రోజుల్లోగా ఫోన్ చేస్తారో డేటా మొదలవ్వకముందే రాసుకోండి. కొరియా స్కూళ్లలో ‘వీ క్లాస్’ పేరుతో కౌన్సెలింగ్ గదులు, వాటి పైన ‘వీ సెంటర్లు’ ఉన్నాయి. వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. మీ ప్రశ్నావళిలో చావు ఆలోచనల గురించి అంశం ఉంటే, ఆ జవాబును అదే రోజు చూసే మనిషి ఉండాలి. ఆత్మహత్య నివారణ లైన్ 109, పిల్లల లైన్ 1388 నంబర్లు ఫారం చివర పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మాన్యువల్‌లో స్కోరింగ్, ఖాళీ గడుల నియమం, ఏ వయసుకు ఏ గీత, ఎవరి మీద పరీక్షించలేదు అన్నవి రాయండి. ఫోన్ రూపానికి వేరే వెర్షన్ నంబర్ ఇవ్వండి. కాగితం మీద మూడు గడులు పక్కపక్కన కనిపిస్తాయి, ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ పోవాలి, రెండూ ఒకటి కావు. తర్వాత ఎవరైనా ఒక్క పదం మార్చినా అది కొత్త వెర్షనే, ఆ అంశానికి కనీసం ఇంటర్వ్యూల రౌండ్ మళ్లీ జరగాలి. పూర్తయిన ఫైలు, మార్పుల పట్టిక, బ్యాక్ ట్రాన్స్‌లేషన్ మూడూ అసలు రచయితలకు పంపి, ఎక్కడ ఉంచుతారో వాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకోండి. లేకపోతే రెండేళ్లలో ఇంటర్నెట్‌లో మీ ప్రశ్నావళి నాలుగు రకాలుగా తిరుగుతుంది, వాటిలో ఏది పరీక్షకు నిలిచినదో చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు.